గిజిగాని ఇల్లు

మా తాతగారి మెట్టపొలములో ఒక పాత దిగుడుబావి యుండెడిది. గుంటూరు సీమలోని మా గ్రామమునకు తూర్పున అరక్రోసు దూరమున నున్న ఆ బావికి మూడు వైపుల రాతిమెట్లును, నాలుగవ వైపున మోట తోలుటకు కట్టిన గట్టును ఉండెను. బావి యొడ్డున రెండు ఈతచెట్లును, ఒక ముసలి తుమ్మచెట్టును నీటిమీదికి వంగి యుండెడివి. తొలకరి వానలు పడి చేలు పచ్చబడగానే గిజిగాడు పిట్టలు ఎచ్చటి నుండియో వచ్చి ఆ చెట్లను చేరెడివి. శ్రావణమాసము నాటికి కొమ్మకొమ్మకును గూళ్ళు వ్రేలాడుచు, గాలికి ఉయ్యాలలవలె ఊగుచుండెడివి.

ఆ పిట్టను మీలో పలువురు చూచియే యుందురు. అది పిచ్చుకంత యుండును. వేసవిలో చూచినచో ఆడపిచ్చుకయే యని భ్రమపడుదుము. వానకాలము రాగానే మగపిట్ట తలమీద బంగారు పసుపువన్నె వచ్చును. ముఖము నల్లని ముసుగు వేసికొన్నట్లు కనబడును. గూడు అల్లునది ఈ మగపిట్టయే. అది పచ్చని ఆకు అంచున ముక్కుతో గంటు పెట్టి, ఆ కొసను కరచుకొని పైకెగురును. ఆకు పొడవునను సన్నని పీలిక చీలి వచ్చును. జానెడు మొదలుకొని మూరెడుకు మించిన పొడవు వరకు నుండు అట్టి పీలికలను ముడివేసి, పెనవేసి, సొరకాయ ఆకారమున గూటిని అల్లును. ఒక గూడు పూర్తియగుటకు సుమారు 18 దినములు పట్టును. అందులకై ఆ చిన్నప్రాణి 500 సార్ల వరకు చెట్టునకును చేనికిని నడుమ తిరుగును.

నేను చెప్పబోవునది 1975వ సంవత్సరము నాటి మాట. నాకప్పుడు 12 ఏండ్లు. ఆ గూళ్ళలో ఒకటి మా యింటి వసారాలో వ్రేలాడవలెనని నాకు గట్టి కోరిక పుట్టెను. అందు చెడు తలంపు ఏమియు లేదు. బావికడ గాలివాన కొట్టును, కాకులు తిరుగును, తుమ్మచెట్టు మొదట ఒకనాడు జెర్రిపోతును సైతము చూచి యుంటిని. మా వసారాలో నైనచో వాన పడదు, పాము రాదు. నేను దినమును గింజలు వేయుదును. పిట్టలు సుఖముగా ఉండును. ఇట్లు వాటికి మేలు చేయుచున్నాననియే అనుకొంటిని.

ఒక ఆదివారము మధ్యాహ్నము పెద్దలందరు నిద్రించుచుండగా, చింతకాయలు కోయు దోటిని భుజముపై వేసికొని బావికి పోయితిని. ఈతచెట్టు మట్ట కొసకు వ్రేలాడుచున్న ఒక గూటిని, అది వ్రేలాడు ఈనెతో కూడ, మెట్లమీద నిలిచి జాగ్రత్తగా కోసితిని. అది నీటిలో పడకుండ ఒడిసి పట్టుకొంటిని. లోపల ఏదో మెత్తగా కదలెను. వెచ్చగా నుండెను. చెవి యొద్ద పెట్టుకొనగా సన్నని కిచకిచ వినవచ్చెను. అందు మూడు పిల్లలున్నవి. నా సంతోషమునకు మేర లేకపోయెను. ఒక్క గూటిని తేబోయి ఒక కుటుంబమునే తెచ్చుచున్నా ననుకొంటిని. చెట్టుమీది పిట్టలన్నియు ఒక్కమారుగ లేచి అరచుచున్నవి; ఆ అరుపు నాకు ఆనాడు అర్థము కాలేదు.

గూటిని వసారా దూలమునకు కట్టి, క్రింద ఒక మూకుడులో జొన్నలను, మరియొక దానిలో నీటిని ఉంచితిని. తల్లి నా వెనుకనే వచ్చునని నమ్మి గడపమీద కూర్చుంటిని. సాయంకాలమయ్యెను, తల్లి రాలేదు. జొన్నలను నూరి నీటితో కలిపి, గడ్డిపరక కొనతో పిల్లల నోట పెట్టితిని. ఒకటి మ్రింగెను, రెండు మ్రింగలేదు. తెల్లవారి చూడగా రెండు పిల్లలు చల్లబడి యుండెను. మూడవది ఆ మధ్యాహ్నము వరకు నోరు తెరచుచు మూయుచు నుండి, పిదప నోరు తెరచియే నిలిచిపోయెను.

నేను ఏడ్చుచు కూర్చుండగా తాతగారు పొలము నుండి వచ్చిరి. గూటిని చూచిరి; నన్ను చూచిరి. ఆయన చేతిలో ముల్లుకర్ర యుండెను. దెబ్బ తప్పదని కన్నులు మూసికొంటిని. ఆయన కర్రను గోడకు చేర్చి నా ప్రక్కన చతికిలబడి, "ఎందులకు తెచ్చితివిరా?" అని అడిగిరి.

"మన యింట నుండునని, తాతయ్యా. ఇక్కడ వాన పడదు. గింజలు కూడ వేసితిని."

తాతగారు కొంతసేపు పలుకలేదు. తరువాత, "నీవు గూడు తెచ్చితివి, నాయనా. ఇల్లు తేలేదు. ఇల్లు అక్కడనే ఉండిపోయినది" అనిరి.

ఆ మాట నాకు బోధపడలేదు. గూడే గదా పిట్టకు ఇల్లు! నేను తెల్లబోయి చూచుటచే ఆయన, "రేపు బడి మానుము. సూర్యోదయమునకు నాతో బావికి రమ్ము. ఆ పిట్ట ఇంటిలో ఏమేమి కలవో చూచి లెక్క పెట్టుము. ఒక్కటి కూడ విడువరాదు" అని చెప్పిరి.

మరునాడు పలకను చంకబెట్టుకొని బావిగట్టున కూర్చుంటిని. మొట్టమొదట నా కంటబడిన దానిని నేనిప్పటికిని మరువలేదు. ఒక ఆడపిట్ట ముక్కున పచ్చని పురుగును కరచుకొని, నేను దోటితో కోసిన ఈతమట్ట కొసకు వచ్చెను. అచ్చట ఏమియు లేదు. రెక్కలు కొట్టుకొనుచు గాలిలో కొంచెముసేపు నిలిచెను. ప్రక్క గూటికడకు పోయి చూచెను. మరల ఆ కొసకే వచ్చెను. ఇట్లు నాలుగైదు సార్లు తిరిగి, తుదకు తుమ్మకొమ్మపై వ్రాలెను. ముక్కులోని పురుగు అట్లే యుండెను. అది నేను తెచ్చిన పిల్లల తల్లియే యని నిశ్చయముగా చెప్పజాలను; కాని నా మనస్సు మాత్రము నిశ్చయించుకొనెను. తాతగారు దానిని చూచియు చూడనట్లు మోట తోలుకొనుచుండిరి.

కన్నీరు తుడుచుకొని పని మొదలిడితిని. పలకమీద మొదటి పంక్తిలో 'ఈతచెట్టు' అని వ్రాసితిని. రెండవ పంక్తిలో 'తుమ్మముండ్లు' అనియు, మూడవ పంక్తిలో 'నీరు' అనియు వ్రాసితిని. ఏలనన, గూళ్ళన్నియు నీటిమీదికి వంగిన కొమ్మలకే యున్నవి. ఒడ్డువైపు కొమ్మకు ఒక్కటియు లేదు. నీటిమీద వ్రేలాడు సన్నని కొసకు పాము గాని ఎలుక గాని సులభముగా ప్రాకి పోజాలదు. నాలుగవది వాగునందలి రెల్లుగడ్డి. పీలికలు ఎక్కువగా అచ్చటినుండియే వచ్చుచున్నవి. అయిదవది జొన్నచేను. ఆరవది బురద, మగపిట్టలు తడిమట్టి ఉండలను తెచ్చి సగము అల్లిన గూటి లోపలి గోడకు అంటించుట చూచితిని. గిజిగాడు ఆ మట్టిలో మిణుగురు పురుగులను గ్రుచ్చి దీపముగ పెట్టుకొనునని మా ఊరి వారు చెప్పుకొనెడివారు. దానిని గూర్చి అడుగగా తాతగారు నవ్వి, "అందరు అందురు గాని నేనెన్నడును చూడలేదు. నీవు చూచినదే వ్రాయుము" అనిరి.

ఏడవదానిని కనుగొనుటకు మధ్యాహ్నమయ్యెను. గూళ్ళు ఎక్కువగా చెట్టునకు తూర్పువైపుననే యున్నవి. మాకు వానకాలపు గాలి పడమటినుండియు నైరుతినుండియు కొట్టును. చెట్టు ఆ గాలికి అడ్డు. పిట్టలు ఆ చాటున అల్లుకొనినవి. కావున 'గాలి' అని వ్రాసితిని. ఎనిమిదవది తోడు. ఒక కాకి వచ్చి వ్రాలగానే ఒక పిట్ట అరచెను. వెంటనే చెట్టంతయు అరచెను. కాకి నిలువలేక పోయెను. మొన్న నన్ను చూచి అరచిన అరుపును ఇదియే యని అప్పుడు తెలిసికొంటిని.

తొమ్మిదవ పంక్తిలో 'పురుగులు' అని వ్రాయుచు ఆగిపోయితిని. పెద్దపిట్టలు చేనిలో గింజలు తినుచున్నవి. కాని పిల్లలున్న గూటికి పోవు పిట్టల ముక్కున ఎక్కువగా గొంగళిపురుగో మిడుతయో యున్నది. నేను జొన్నలు పెట్టితిని! మెత్తని పురుగులతో పెరుగవలసిన పసికూనలకు పిండిని మ్రింగించితిని. నా పిల్లలు ఏల బ్రతుకలేదో ఆ పంక్తి వ్రాయునప్పుడు నాకు తెలిసెను.

సాయంకాలము తాతగారు పలకను చూచిరి. "బాగున్నది. ఇంకను మూడు విడిచితివి" అనిరి. "వాన లేనిదే రెల్లు లేదు, చేను లేదు, పురుగు లేదు; వానను వ్రాయుము. జెర్రిపోతును వ్రాయుము. అది గ్రుడ్లు తినుననియే గదా పిట్ట నీటిమీద కట్టినది! అది చేనిలోని ఎలుకలను తినుచున్నందున నీకును నాకును అన్నము మిగులుచున్నది" అనిరి. మూడవది ఏమని అడిగితిని. "ఈ బావిని త్రవ్వినవారు మనుష్యులు. చేను దున్నినవారు మనుష్యులు. ఈ ఇంటిలో మనమును ఉన్నాము. నిన్ను వ్రాసికొనుము" అనిరి. పన్నెండవ పంక్తిలో నా పేరు వ్రాసితిని. ఆ పంక్తిని వ్రాయుటకు సిగ్గుపడితిని.

పిదప కళాశాలలో చేరినప్పుడు, మా తాతగారు చెప్పిన ఇంటి లెక్క ఒక గొప్ప శాస్త్రమని తెలిసెను. దానికి జీవావరణ శాస్త్రమని పేరు. 1866వ సంవత్సరమున ఎర్నెస్ట్ హెకెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఈ శాస్త్రమునకు 'ఎకాలజీ' అని నామకరణము చేసెను. ఆ పేరు 'ఓయికాస్' అను గ్రీకుమాట నుండి పుట్టినది. ఆ మాటకు అర్థము 'ఇల్లు'. అధ్యాపకులు ఆ అర్థము చెప్పగానే నా కన్నులయెదుట బావిగట్టును, పలకయు నిలిచెను.

ఒక జీవి సహజముగా నివసించు చోటును ఆవాస మందురు. కలువకు చెరువు ఆవాసము, ఒంటెకు ఎడారి, మడచెట్టునకు ఉప్పునీరును మంచినీరును కలిసెడి బురదనేల. ఆవాసమున రెండు విధములైన భాగములు కలవు. గాలి, నీరు, వెలుతురు, వేడిమి, మన్ను - ఇవి ప్రాణము లేనివి. చెట్లు, పురుగులు, పక్షులు, జంతువులు, కంటికి కానరాని సూక్ష్మజీవులు - ఇవి ప్రాణము గలవి. ఈ రెండును విడదీయరానట్లు అల్లుకొని యుండును. రెల్లు సూర్యకాంతితో తన ఆహారమును తయారు చేసికొనును. గొంగళిపురుగు ఆకును తినును. పిట్ట పురుగును తినును. పాము పిట్టపిల్లను తినును. పాము చచ్చిన పిదప సూక్ష్మజీవులు దానిని మన్నుగ మార్చును. ఆ మన్నులో మరల రెల్లు మొలచును. ఇట్టి అల్లిక నంతటిని ఒక్కటిగ చూడవలెనని ఆర్థర్ టాన్స్‌లీ అను ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు 1935లో ప్రతిపాదించి, దానికి 'ఎకోసిస్టమ్' అని పేరిడెను. దానినే మనము ఆవరణ వ్యవస్థ అనుచున్నాము.

శాస్త్రజ్ఞులు మరియొక చక్కని పోలిక చెప్పుదురు. ఆవాసము జీవికి చిరునామా వంటిది. ఆ చోట అది చేయు పని దానికి వృత్తి వంటిది. మా బావిలో చేప, కప్ప, తాబేలు ఉండెడివి. లకుముకిపిట్ట వచ్చి పోవుచుండెడిది. అన్నిటికిని చిరునామా ఒక్కటే. కాని వృత్తులు వేరు. చేప నీటిలోని నాచును, దోమపిల్లలను తినును; కప్ప ఒడ్డున కూర్చుండి ఎగురు పురుగులను పట్టును; లకుముకి పైనుండి దూకి చేపను ఎత్తుకొనిపోవును. వృత్తులు వేరగుటచేతనే ఒక్క బావిలో ఇన్ని ప్రాణులు ఒదిగి బ్రతుకగలిగెను.

మన గిజిగానిని శ్రద్ధతో పరిశీలించిన మహనీయుడు సాలిం అలీ. ఆయన కూడ బాల్యమున గాలితుపాకితో ఒక పిచ్చుకను కొట్టినవాడే. కంఠమున పసుపు మచ్చ గల ఆ పిచ్చుక ఏ జాతిదో తెలిసికొనుటకు దానిని బొంబాయి ప్రకృతిశాస్త్ర సంఘమునకు కొనిపోయెను; ఆ చిన్న ప్రశ్నయే ఆయనను పక్షిశాస్త్రమునకు చేర్చెను. 1930లో బొంబాయికి దక్షిణమున సముద్రతీరమందలి కిహీము గ్రామములో ఆయన గిజిగాళ్ళ గూళ్ళను దినదినము కనిపెట్టి చూచెను. మగపిట్ట గూటిని సగము వరకు అల్లి ఆగును. ఆడుపిట్టలు వచ్చి పరీక్షించును. ఒక ఆడుపిట్టకు నచ్చినచో అది అచ్చట నిలుచును, మగపిట్ట గూటిని పూర్తిచేయును. పిదప ఆ మగపిట్టయే వేరొక గూటిని మొదలిడును. ఈ సంగతులను ఆయన మరుసటి యేట ప్రకటించెను. చంపిన పిట్టనుండి బ్రతికియున్న పిట్టకడకు ఆయన చేసిన ప్రయాణము నాకు గొప్ప ఊరట కలిగించెను.

జీవి యొక్క ఇల్లు గూటికంటె పెద్దదని బావికడ నేర్చితిని. అది యెంత పెద్దదో కొన్నేండ్ల తరువాత గాని నేర్వలేదు. ఉద్యోగరీత్యా గూడూరులో ఉండగా, మిత్రులతో కలిసి నాయుడుపేట, సూళ్ళూరుపేటల నడుమనున్న నేలపట్టు గ్రామమునకు పోయితిని. అది పక్షుల గ్రామము. అచ్చటి చెరువులో కడపచెట్లు కలవు. నెలల తరబడి మొదలు నీటిలో నానినను అవి చావవు. శీతకాలమున ఆ చెట్లపై గూడబాతులు వందలకొలది గూళ్ళు కట్టును. గూడబాతు పెద్దపక్షి, దాని ముక్కు క్రింద సంచి వ్రేలాడును. నీటికాకులు, తెల్లకంకణాలు, నత్తగుల్లకొంగలు కూడ ఆ చెట్లనే పంచుకొనును. 1976లో ఆ చెరువును పక్షుల రక్షితస్థలముగ ప్రకటించిరి.

నేను చూచినది ఇది: తెల్లవారగానే గూడబాతులు వరుసలు కట్టి దక్షిణముగ ఎగిరిపోయినవి. "ఎచ్చటికి పోవుచున్నవి?" అని గట్టుమీది రైతు నడిగితిని. "పులికాటుకు పోవును బాబూ. చేపలు అక్కడ, పిల్లలు ఇక్కడ" అని ఆయన చెప్పెను. పులికాటు అచ్చటికి సుమారు 20 కిలోమీటర్ల దూరమున నున్న ఉప్పునీటి సరస్సు. సముద్రపు నీరును, కాళంగి, ఆరణి మొదలగు నదుల నీరును అందు కలియును. అనగా గూడబాతు ఇంటిలో పడుకగది యొక ఊరిలోను, వంటగది మరియొక తావునను ఉన్నవి! నేలపట్టు చెరువు ఎండినచో చెట్లచుట్టు నీటికాపు లేక గూళ్ళు నిలువవు. చెరువు నిండినను పులికాటు పాడైనచో పిల్లలు పస్తుండును. ఒక్క చెట్టును కాపాడి పిట్టను కాపాడితి మనుకొనుట, నేను వసారాలో గూడు కట్టుట వంటిదే.

ఆ రైతు మరియొక మాట కూడ చెప్పెను. పక్షుల రెట్ట చెరువునీటిలో కలియును. ఆ నీరు పారిన మడికి ఎరువు తక్కువ పట్టును. అందుచే ఆ ఊరివారు పక్షుల రాకను వానరాకవలె ఎదురుచూతురట. మా తాతగారు పన్నెండవ పంక్తిలో మనుష్యుని ఏల వ్రాయించిరో ఆ గట్టుమీద మరల తెలిసికొంటిని.

కొన్ని సంవత్సరముల క్రిందట మా గ్రామమునకు పోయితిని. తాతగారు ఏనాడో గతించిరి. పొలమున గొట్టపుబావి వచ్చినది. దిగుడుబావిని మట్టితో పూడ్చిరి. ఈతచెట్లు లేవు. వాగుగట్టున రెల్లును దున్ని ప్రత్తి వేసిరి. ప్రత్తికి పురుగు పట్టకుండ మందు చల్లుచున్నారు. శ్రావణమాసమే గాని ఒక్క గూడైనను కనబడలేదు. గిజిగాని నెవరు కొట్టిరని అడుగుట వృథా. ఒక్క పిట్ట నైనను ఎవరును కొట్టలేదు. బ్రతుకుతెరువునకై ఒకరు నీటిని తీసిరి. ఒకరు చెట్టును తీసిరి. ఒకరు రెల్లును తీసిరి. ఒకరు పురుగును తీసిరి. నా పలకమీది పంక్తులు ఒక్కొక్కటిగ తుడిచివేయబడినవి. నేను దోటితో గూటిని తెచ్చి ఇంటిని విడిచితిని. మేమందరము కలిసి పిట్టను ముట్టకయే దాని ఇంటిని తీసివేసితిమి.

మా అన్నగారి కుమారునికి చెరువు అలుగు ప్రక్కన కొంత చేను కలదు. దాని యంచున నాలుగు తుమ్మచెట్లును, వాటి క్రింద కొంచెము రెల్లును మిగిలియున్నవి. నీడచే పైరు దెబ్బతినుచున్నదని అతడు వాటిని కొట్టింప దలచియుండెను. ఆ రాత్రి అతనికి ఈ కథ చెప్పితిని, ఏమియు కోరలేదు. అతడు చాలసేపు లెక్కలు వేసికొని, "రెండు చెట్లు ఉంచెదను బాబాయ్. రెండు మాత్రము తీయక తప్పదు" అనెను. అతని కష్టము నేనెరుగుదును. అంతకు మించి అడుగలేకపోయితిని.

రెండేండ్లకు మరల వానకాలమున పోయినప్పుడు, ఆ రెండు చెట్లలో అలుగునీటి మీదికి వంగినదాని కొమ్మలకు అయిదు గూళ్ళు కనబడెను. అందు నాలుగు సగము వరకే అల్లియున్నవి. ఒకదాని అంచును పట్టుకొని పసుపుతల మగపిట్ట తలక్రిందుగ వ్రేలాడుచు, రెక్కలు కొట్టుచు, ఆడుపిట్టలను పిలుచుచుండెను. ఆ ఇల్లు వాటికి నచ్చినదో లేదో చూచుటకు నాకు వ్యవధి లేకపోయెను. మరునాడే ప్రయాణము.

పిల్లలారా! మీ ఊరిలోను ఒక చెరువో, బావియో, కనీసము బడి ఆవరణలో ఒక చెట్టో ఉండును. అందు నివసించు ఏదో యొక ప్రాణిని ఎన్నుకొనుడు. దానిని పట్టవలదు; తాకవలదు. ఒక దినము దూరముగా కూర్చుండి, దాని ఇంటిలో ఏమేమి కలవో వ్రాయుడు. మీరు చూచినదే వ్రాయుడు. అంతయు వ్రాసితి మనుకొన్న పిదప మీ పేరు అందున్నదో లేదో చూచుకొనుడు.